మా క్లబ్బుపై పన్ను వేయమని వేడుకోలు

ఆదాయపు పన్ను అధికారి గారి సముఖమునకు,
సికింద్రాబాదు.

అయ్యా,

విషయం: తంబోలా టికెట్లు కొన్న సభ్యులను బయటివారుగా ప్రకటించి, పన్ను విధించుట గురించి.

బోయిగూడ మిత్రమండలి క్లబ్బు కార్యదర్శి దయాకర్ వ్రాసుకొను విన్నపం. పన్ను వేయమని బతిమాలే అర్జీ తమకు ఇదే మొదటిది కావచ్చు. నేను తాగి వ్రాయలేదు.

1. మా పేకాట క్లబ్బులో ముప్పై ఏళ్ళుగా మిరపకాయ బజ్జీలు వేస్తున్న యేసురాజుకు గుండె ఆపరేషన్ అవసరమైనది. అందుకై తంబోలా ఆట పెట్టదలచితిమి.

2. మా ఆడిటర్ పద్మనాభం గారు అడ్డు తగిలారు. "మెంబర్లు మెంబర్లు వేసుకున్న పైసలకు ట్యాక్స్ లేదు. గీ జేబులకెల్లి తీసి గా జేబుల పెట్టుకున్నట్టే. బయటోళ్ళు టికెట్ కొంటే మాత్రం అది ఆమ్దానీ, క్లబ్బు సంపాదన. ఎంత పుణ్యానికైనా ట్యాక్స్ పడ్తది. మనది పత్తాలాడే క్లబ్బు, ధర్మసంస్థ కాదు" అన్నారు. మా సభ్యులా నలభై ముగ్గురు. తంబోలాకు వచ్చేది తొమ్మిదిమంది.

3. అంతట నాకొక దివ్యమైన ఆలోచన తట్టినది. ప్రతి టికెట్టుకూ ఒక సభ్యత్వ ఫారం జతచేసితిని. ఒక్క సాయంత్రంలో రెండువందల పన్నెండుమంది సభ్యులైరి. పన్ను తప్పినదని పొంగిపోతిని.

4. సభ్యత్వం ఆ ఒక్క సాయంత్రానికేనని ఫారంలో గడువు వ్రాయుట మరచితిని. గత ఆదివారం సర్వసభ్య సమావేశానికి వారందరూ వచ్చి, ఎదురు సందులో కుట్టుపని చేసే కమలాబాయి గారిని అధ్యక్షురాలిగా ఎన్నుకున్నారు. "పొద్దంతా మొగోళ్ళు పత్తాలాడుడేంది? గీ రూముల మిషిన్లు పెడ్తం" అని ఆమె అనగానే చేతులన్నీ లేచినవి. నా రమ్మీ బల్లపై నేడు జాకెట్లు కత్తిరిస్తున్నారు. తాను తీసిన గోతిలో తానే పడుట అనగా ఇదియే.

5. అయ్యా, నేను రిటైరైనవాడను. పొద్దున్నే ఇంట్లో కూర్చుంటే నా భార్య ఒలవమని చిక్కుడుకాయలు ముందు పెడుతుంది. ఆ బల్ల తప్ప నాకు దిక్కులేదు.

కావున వారు వట్టి బయటివారేనని తేల్చి, తద్వారా వారి ఎన్నిక చెల్లకుండా చేసి, పన్ను వసూలు చేసి, పేకాట గదిని మాకు ఇప్పించవలసిందిగా ప్రార్థన. ఒక రమ్మీ ఆటగాని మొరను దయతో చిత్తగించవలెను.

తమ విధేయుడు,
దయాకర్

తా.క.: కవరు అంటిస్తుండగా యేసురాజు వచ్చాడు. "సార్, దవాఖాన్ల మంగళవారం డేట్ ఇచ్చిన్రు. పైసలు సరిగ్గ సరిపోయినయ్" అని నా చేతులు పట్టుకుని ఏడ్చాడు. తమరు పన్ను పట్టుకుంటే ఆ మంగళవారం పోతుంది. నాకు సిగ్గేసింది. పై ఐదు అంశాలూ కొట్టివేస్తున్నాను. స్టాంపు అప్పుడే అంటించాను గనుక పంపుతున్నాను, అంతే. వాళ్ళందరూ పక్కా సభ్యులే, అయ్యా. ఆ క్లబ్బులో బయటివాడంటూ ఉంటే అది నేనే. వేయదలిస్తే నా ఒక్కడి మీద వేయండి.