నిచ్చెన లేని గది

ప్రియమైన అక్కకు,

పెన్ డ్రైవ్ చేరింది. తొందరలో కవరుతో పాటు నీ ఉత్తరం కూడా సగం చించేశాను. ఏం చేయను, మూడేళ్ళుగా నువ్వు చేస్తున్న కంప్యూటరు ఆట మొదటిసారి నా చేతికొచ్చింది మరి! ఫోను వదిలేసినందుకు నన్ను వెక్కిరిస్తావు గానీ, ఇంత సంతోషం బొటనవేళ్ళతో కొట్టి పంపేదా?

ఇక్కడ ఆసుపత్రి భవనంలో లిఫ్టులు బిగిస్తున్నాం. భోజనాల వేళ సైటు ఆఫీసు కంప్యూటరు నాదే. ఆ నాలుగు రంగులు చాలక్కా! గళ్ళు గళ్ళుగా ఉన్న ఆ గని పిల్ల నెత్తిన దీపంతో చీకట్లోకి దూకుతుంటే నా గుండె కూడా దూకింది. మొదట్లో ఒక మూసిన తలుపు చూపించి ఊరిస్తావు. ఎక్కడో లోతున సుత్తి దొరగ్గానే "అరె, ఆ తలుపు!" అని వెనక్కి పరిగెత్తాను. బాణం గుర్తు లేదు, పటం లేదు. నాకు నేనే గుర్తుతెచ్చుకున్నాను. స్వేచ్ఛంటే అదీ!

లోపాలు చెప్పకపోతే నీ తమ్ముణ్ణే కాదు. చచ్చిన ప్రతిసారీ ఎక్కడో దూరం నుంచి నడిపిస్తావు; అది కష్టం కాదు, విసుగు. ఆ పిల్ల బూట్లు సబ్బు మీద అడుగేసినట్టు జారతాయి. ఇక ఆ కీచు సంగీతానికి మా మేస్త్రీ "ఒరేయ్, ముందా ఎలుక గొంతు పిసికెయ్యరా!" అని అరిచాడు.

కానీ ఆ నీళ్ళ గదికి మాత్రం చేతులెత్తి దండం! చుట్టూ నున్నటి గోడలు, దారేమో పైన, నిచ్చెన లేదు. తిండి మానేసి కుస్తీ పట్టాను. చివరికి అక్కడ తిరిగే గబ్బిలం గోడకు ఆనుకుని ఎగిరే క్షణం కనిపెట్టి, దాని వీపు మీద దూకి, గోడను ఒక్క తన్ను తన్ని పైకెగిరాను. ఆ ఊపుకి ఆఫీసు కుర్చీ విరిగింది. లోకంలో కూడా మనకెవడూ నిచ్చెన వెయ్యడు. "చెయ్యి పట్టి నడిపించేవాడు చివరికి చేతులే కట్టేస్తాడు" అని మొన్న ఒక కరపత్రంలో చదివాను. నువ్వు దాన్ని ఒక్క గదిలో చెప్పేశావు!

పొంగిపోతున్న నీ తమ్ముడు

~

ప్రియమైన అగ్గిపుల్లకు,

నీ ఉత్తరం నిలబడి చదివి, కూలబడి మళ్ళీ చదివాను. నిచ్చెన లేకపోవడమేంట్రా? ఉండాలి! గాభరాగా తెరిచి చూస్తే నిజంగానే లేదు. గోడల రంగు మార్చేటప్పుడు గోడతో పాటు నిచ్చెనా తుడిచేశాను. ఎప్పుడు సరిచూసుకున్నా ఆ గది దాటాకే మొదలుపెడతాను, అంతకుముందు భాగమంతా కంఠతా వచ్చేసింది కదా అని. నా తెలివి తెల్లారినట్టే ఉంది!

ఆటను అమ్మకానికి తేవాల్సిన ప్రచురణ సంస్థ ఆడి చూడమని ఇచ్చినవాళ్ళందరూ అక్కడే ఆపేసి "ఆట బాలేదు" అన్నారట. ఆ సంస్థ యజమానురాలు, ఇంతవరకూ మొహం కూడా చూపించని మనిషి, ఫోనులో తెగేసి చెప్పింది: "ఈ ఆదివారం ఆటల ప్రదర్శనలో కూడా జనం అక్కడే లేచిపోతే, ఇక నావల్ల కాదమ్మా." మూడేళ్ళ చాకిరీ ఆ నీళ్ళలో మునిగిపోయేదే. నువ్వు పొగిడి పొగిడి నన్ను ఒడ్డున పడేశావురా నా బంగారం!

నిచ్చెన పెట్టేస్తున్నాను. చచ్చాక నడిచే దూరం తగ్గించాను. బూట్లు ఇక జారవు. ఎలుక గొంతు పిసికే పని నడుస్తోంది.

ఊపిరి పీల్చుకున్న అక్క

~

అక్కా,

"ప్రియమైన" అని రాయడానికి చెయ్యి రావడం లేదు. పొరపాటునైనా నీ చేతుల్లోంచి ఒక నిజం పుడితే దాన్ని పూడ్చేస్తావా? రేపు బాణం గుర్తులు పెడతావు. ఎల్లుండి అడుగడుక్కీ "శభాష్" అనిపిస్తావు. ఆ తర్వాత ఆట తనంతట తానే ఆడుకుంటుంది, మనిషి ఎదురుగా కూర్చుని ఆవులిస్తాడు. జనం చేతకానివాళ్ళని నువ్వే తీర్పిచ్చేశావన్నమాట! నిచ్చెన ఉంటే, ఆట చివర వచ్చే పేర్లలో నా పేరు వద్దు.

కోపంతో, తమ్ముడు

~

ప్రియమైన తమ్ముడికి,

పొద్దంతా లిఫ్టులు బిగించే నువ్వు నిచ్చెన పాపమంటావేంట్రా? ఆ ఆసుపత్రి రోగుల్ని గబ్బిలాల మీద ఎక్కించి పంపుతావా?

నిచ్చెన పెట్టేశాను. గబ్బిలం జోలికి మాత్రం పోలేదు. ఆదివారమే ప్రదర్శన. తిట్టాలనుంటే వచ్చి మొహం మీదే తిట్టు. నీ పేరు తియ్యను, ఏం చేసుకుంటావో చేసుకో!

నీ అక్కే

~

ప్రియమైన అక్కకు,

వచ్చాను. నీకు కనబడకుండా స్తంభం చాటున నిలబడ్డాను. పదిమందిలో నిన్ను కడిగేద్దామని సొంతంగా ఒక కరపత్రం రాసుకుని మరీ వచ్చాను.

మొదట ఒక బట్టతలాయన చకచకా నిచ్చెనెక్కి పోయాడు. "చూశావా, గొర్రెలు!" అనుకున్నాను. తర్వాత బూడిదరంగు కోటావిడ కూర్చుంది. ఆవిడా ఎక్కింది. అంచున ఆగింది. వెనక్కి తిరిగి మళ్ళీ నీళ్ళలోకి దూకింది!

వెనకాయన "ఏంటండీ, పైకొచ్చేసి మళ్ళీ దిగారేం?" అన్నాడు.

"ఆగవయ్యా, ఆ గబ్బిలం నన్ను చూసి వెక్కిరిస్తోంది. దాని మీద కాలు నిలుస్తుందేమో చూడనీ."

పడింది, మళ్ళీ పడింది. "తల్లీ, మా వంతు రానిస్తారా?" అని వెనకనుంచి గోల. ఆవిడ కుర్చీ వదిలితేగా! ఇక నావల్ల కాలేదక్కా. "గోడను తన్నండీ!" అని గావుకేక పెట్టాను. తన్నింది. ఎగిరింది! హాలంతా దద్దరిల్లింది. నువ్వు తల తిప్పేలోపు నేను వీధిలో ఉన్నాను, పళ్ళన్నీ బయటపెట్టుకుని.

పైకి దారి దొరికాక కూడా ఆవిడ కిందికి దూకింది, ఎవరూ దూకమనకుండానే. అలాంటి మనిషికి నా కరపత్రంలో ఒక్క వాక్యమైనా లేదు. చింపేశాను. నిచ్చెన ఉండనీ. నా పేరు పెద్దక్షరాల్లో వెయ్యి.

నీ తమ్ముడు

~

ప్రియమైన అగ్గిపుల్లకు,

నీ కేక ఊరంతా వినబడితే నాకు వినబడదా? ఆ కోటావిడే ప్రచురణ సంస్థ యజమానురాలు! ఎవరికీ చెప్పకుండా వరసలో నిలబడి వచ్చిందట. అక్కడికక్కడే ఒప్పందం మీద సంతకం పెట్టేసింది. ఒకటే షరతు: గబ్బిలాన్ని ఎవరూ ముట్టుకోకూడదు.

అందరూ వెళ్ళాక నేనూ ఆ నీళ్ళలోకి దూకాను. అప్పటినుంచీ పడుతూనే ఉన్నాను. నేను కట్టిన గదిలోంచి ఆ దారిన బయటపడటం నాకే చేతకావడం లేదురా! సెలవు పెట్టి రా. చెయ్యి పట్టి నేర్పడం నీ సిద్ధాంతానికి ఒప్పుకోకపోతే, పక్కన కూర్చుని అరిచినా చాలు.

ఇంకా నీళ్ళలోనే ఉన్న
నీ అక్క