నిద్ర లేని రాజు వేషం

సోమవారం

పిచ్చుకా, నా బంగారు చెల్లీ,

నీ ఉత్తరం అందింది. నాలుగే వాక్యాలు రాశావు. కుట్టు మిషన్ల పనిలో కుదురుకున్నానని ఒకటి, అద్దె గదికి కిటికీ ఉందని ఒకటి, విరిగిన వేళ్లతోనే గుడ్డ పట్టడం అలవాటవుతోందని ఒకటి. నాలుగోది ప్రశ్న. "అన్నయ్య తెలిసే చేశాడా అక్కా?" అని. మూడు రోజులు దాన్ని ప్రార్థన పుస్తకంలో పెట్టి మూశాను. మూస్తే నోరు మూసుకునే ప్రశ్న కాదది.

ముందు అందరికీ తెలిసింది రాస్తాను. నాటకం కంపెనీలో పుట్టి పెరిగినదానివి, ఇందులో సగం నీకు తెలుసు. అయినా వరసగా చెబితే తప్ప నాకు చెయ్యి సాగదు. నాటకంలో తమ్ముడు సింహాసనం కోసం అన్నకు విషం పెడతాడు. రాజవుతాడు. ఆ రోజు నుంచి అతని కంటి మీదికి కునుకు రాదు. నాలుగో అంకంలో కోట గుమ్మం దగ్గర గురకపెట్టి నిద్రపోతున్న కావలివాణ్ణి చూసి, ఓర్వలేక, గొంతు పిసుకుతాడు. పాత విషాద నాటకాలన్నీ ఒక్క తాడు మీదే నడుస్తాయనేవారు నాన్న. చంపినవాడికి నిద్ర ఉండదు. పోలీసు వదిలేసినా కన్ను వదలదు, జనం టికెట్టు కొనుక్కునేది ఆ మాట వినిపోవడానికే అనేవారు. అందుకే రాజు వేషం కట్టేవాడు ప్రతి ఊళ్లో మొదటి ఆటకు ముందు మూడు రోజులు నిద్రపోకూడదని నియమం పెట్టారు. ఆయన కట్టిన రోజుల్లో కాపలా అమ్మది. వేషం నా తమ్ముడికి, అదే మీ అన్నయ్యకు, వచ్చాక కాపలా నాది. రెప్ప వాలితే చన్నీళ్లు. రెండోసారి వాలితే బెత్తం. నేర్పిన ఏడు నాన్న కొట్టిన దెబ్బ తమ్ముడి మెడ మీద ఇప్పటికీ తెల్లగా కనబడుతుంది. నాన్న పోయినా నియమం పోలేదు.

కావలివాడికి మాటలుండవు. పడుకోవాలి, చావాలి. అందుకని ఆ వేషం ఎప్పుడూ రంగస్థలం బిగించే వడ్రంగికే ఇస్తాం. ఆరేళ్లుగా అది మీ ఆయనది. ఒకడు మేలుకుని చావాలి, ఇంకొకడు పడుకుని చావాలి, నా వేషమే నయం వదినా, అని నవ్వేవాడు. గొంతు పిసకడంలో కిటుకు బయటివాళ్లకు తెలియదు. రాజు చేతులు గొంతు మీద ఉండవు, దాని కింద ఎముకల మీద ఆనుతాయి. బలమంతా చచ్చేవాడిదే. వాడే రాజు మణికట్లు పట్టి తన మీదికి లాక్కుంటాడు, మడమలతో చెక్కలు దడదడలాడిస్తాడు. నిజంగా నొప్పి పుడితే మాత్రం అరచేత్తో నేలను రెండుసార్లు కొడతాడు. వెంటనే వదిలేయాలి. మడమలు నాటకం. అరచెయ్యి నిజం.

ఆ రోజు నువ్వు హాల్లో లేవు, ఆస్పత్రిలో ఉన్నావు. నేను ఎప్పటిలాగే పక్క తెర వెనక స్టూలు మీద కూర్చుని, పుస్తకం ఒళ్లో పెట్టుకుని, నటులకు మాట అందిస్తున్నాను. వాళ్లకూ నాకూ నాలుగు బారల దూరం. ముందు మడమలు మోగాయి. జనం చప్పట్లు కొట్టారు. తర్వాత అరచెయ్యి మోగింది. రెండు దెబ్బలు. మళ్లీ రెండు. తమ్ముడు ఒక్క క్షణం ఆగి మళ్లీ పట్టాడు. ఈసారి వాడి బొటనవేళ్లు గొంతు గుంటలో దిగబడి ఉన్నాయి. మీ ఆయన మొహం ఎర్రబడి, నీలమయింది. నాలుక పళ్ల మధ్య నలిగి గడ్డం మీదికి రక్తం కారింది. కళ్ల తెల్లగుడ్డులో ఎర్రటి చుక్కలు పొడిచాయి. ఎండుపుల్ల విరిగినట్టు చప్పుడయింది. ముందు వరసలో ఒకాయన లేచి నిలబడి శభాష్ అన్నాడు. తెర దించాక తమ్ముడి చేతులు విడదీయడానికి నలుగురు పట్టారు.

నాలుగు రోజులు నిద్ర లేని మనిషికి నాటకమేదో నిజమేదో తెలియదని మన లాయరు గారి వాదన. డాక్టరు గారూ అదే చెప్పారు. కంపెనీలో పదిమంది బోనెక్కి, వాడి కళ్ల కింద నల్లచారలు చూశామని చెప్పారు. మిగిలింది నా సాక్ష్యం. కాపలా కాసింది నేను కాబట్టి, రెప్ప వేయలేదని నేనంటే శిక్ష తగ్గుతుంది. అనకపోతే ఉరి. వచ్చే వారం గురువారం వాయిదా.

నిన్న జైలుకు వెళ్లాను. వాడు నిద్రలో ఉన్నాడన్నారు. వార్డరు నవ్వాడు. "ఇంతమందిమి ఇక్కడ కాపలా కాసేది మీ తమ్ముడి నిద్రకేనమ్మా. గురక ఆపించమని పక్క గదివాళ్లు అర్జీ పెట్టుకున్నారు" అన్నాడు. నాన్న చెప్పింది ఇక్కడ తప్పింది. చంపినవాడు ఆదమరిచి నిద్రపోతున్నాడు. కన్ను మూతపడనిది నాకు. ఎందుకో ఈ ఉత్తరంలో రాయలేను. బలం కోసం ప్రార్థిస్తున్నాను.

నిన్ను తలచుకునే
పెద్దక్క

*

శనివారం

చెల్లీ,

కూర్చుని చదువు. ఎవరైనా పక్కనుంటే బయటికి పంపు.

తమ్ముడు నిద్రపోయాడు. మూడు రోజుల్లో మొదటి రోజు మాత్రమే మేలుకున్నాడు. రెండో రోజు మధ్యాహ్నం గ్లాసు పట్టుకోలేక నీళ్లు ఒంటి మీద ఒలకబోసుకున్నాడు. బెత్తం నా చేతిలో ఉంది. ఎత్తబుద్ధి కాలేదు. బట్టల గదిలోకి తీసుకెళ్లి పాత తెరల మూట మీద పడుకోబెట్టి, లోపల గడియ పెట్టి, గుమ్మంలో కూర్చుని జపం చేసుకున్నాను. అందరూ నేను లోపల వాణ్ణి మేలుకొలుపుతున్నాననుకున్నారు. మూడో రోజూ అంతే. ఆట రోజూ అంతే. నాన్న నియమాన్ని నేను తప్పించాను. సంగతి బయటపడకుండా దీపం మసి నూనెలో రంగరించి వాడి కళ్ల కింద నేనే పూశాను. పదిమంది ప్రమాణం చేసి చెప్పిన ఆ నల్లచారలు నా వేలివి. నిద్ర చాలక వాడికి మతి పోలేదు. ఆ రోజు నాలుగు గంటలు పడుకుని లేచాడు. నీ ప్రశ్నకు జవాబు అది. తెలిసే చేశాడు.

ఇక్కడితో ఆపితే నేను మంచిదాన్నే. ఆపను.

ఆట రోజు పొద్దున నువ్వు చెయ్యి కొంగులో చుట్టుకుని వచ్చావు. తలుపు సందులో పడిందన్నావు. తలుపులకు పళ్లుండవమ్మా. నీ రెండు వేళ్ల మీదా ఇనుప పళ్ల వరస అచ్చు పడి ఉంది. నిన్ను ఆస్పత్రికి పంపి పనిశాలకు వెళ్లాను. చెక్కలు బిగించే వైసు దవడల మధ్య నీ గోరు ముక్క అంటుకుని ఉంది. మీ ఆయన రంపానికి ఆకురాయి పెడుతున్నాడు. అడిగాను. తల ఎత్తలేదు. ఆకురాయి ఆపలేదు.

"ఆలుమగల మధ్య నీకేం పని వదినా. పుస్తకం చూసి చదివేదానివి, పుస్తకమే చూసుకో" అన్నాడు.

వెనక్కి తిరిగి వచ్చేశాను. కోపం కూడా రాలేదనుకున్నాను. బట్టల గది గుమ్మంలో కూర్చుని దేవుణ్ణి తలచుకోబోతే ఆకురాయి చప్పుడే వినబడింది. సాయంత్రం తమ్ముడు లేచాడు. మొహమైనా కడుక్కోనివ్వకుండా చెప్పాను. వైసు సంగతి, గోరు సంగతి, అతనన్న మాట. వాడు విని, మసి పూయమని మొహం నా వైపు పెట్టాడు. ఆట పూర్తయ్యాక చెప్పి ఉండవచ్చు. మర్నాడు చెప్పి ఉండవచ్చు. వాడు ఆ గొంతు దగ్గరికి వెళ్లబోయే ముందే చెప్పాను.

ఇంకా ఉంది. రాజు గొంతు పిసుకుతూ మధ్యలో ఆగి పట్టు వదులు చేస్తాడు, గుర్తుందా. అక్కడ మాట, "ఊపిరి తీసుకో కావలివాడా, నా మనసింకా నిలవలేదు." కావలివాడు గుండెనిండా ఊపిరి లాగుతాడు. ఆ తర్వాత మాట, "నాకు లేనిది నీకెందుకు." దాంతో పని ముగుస్తుంది. ఆ రోజు అరచెయ్యి రెండోసారి మోగగానే తమ్ముడు ఆగాడు. చేతులు సడలాయి. మీ ఆయన సగం ఊపిరి లోపలికి లాగాడు. ఈల వేసినట్టు వినబడింది నాకు. తమ్ముడు తల తిప్పి నా వైపు చూశాడు. మాట మరిచిన నటుడు చూసే చూపు. నా వేలు "ఊపిరి తీసుకో" కిందనే ఉంది. ఇరవై ఆరేళ్లలో ఎవరికీ ఒక్క మాట దాటించి అందించినదాన్ని కాదు. ఆ మాట దాటించాను. కింది మాట అందించాను. వాడు అందుకుని, మోకాలు ఎత్తి అతని గుండె మీద పెట్టి, పైకి ఆ మాటే అన్నాడు. పుల్ల విరిగిన చప్పుడు దాని తర్వాతది.

నా చెయ్యి జారలేదు. దీపం రెపరెపలాడలేదు. కళ్లద్దాలు తుడుచుకునే ఉన్నాను.

ఇది వాడికీ చెప్పలేదు. చూడటానికి వెళ్లినప్పుడల్లా వాడే నన్ను ఓదారుస్తాడు. నువ్వేం చేశావక్కా, పుస్తకం చదివావు, అంటాడు. గురువారం దేవుడి పేరున ప్రమాణం చేయించి అడుగుతారు. నాకు ఆ పేరు తప్ప వేరే ఆస్తి లేదు. అంతా చెబుతాను. వాడి మీద పడే దానిలో సగమైనా నా మీదికి మళ్లుతుందేమోనని ఆశ. మళ్లకపోవచ్చు. వాడు ఉరికంబం ఎక్కవచ్చు. అది తెలిసే రాస్తున్నాను.

నీ జవాబు కోసం చూస్తూ
పెద్దక్క

*

ఆదివారం, ఆడవాళ్ల జైలు నుంచి

పిచ్చుకా,

నీ జవాబు కోర్టు వరండాలో అందింది. "అన్నయ్య నా కోసం చేశాడు. నువ్వు దేవుడి కోసం వాణ్ణి చంపుతావా?" అని రాశావు. చెబితే ఇక నాకు అక్క లేదని రాశావు. రెండుసార్లు చదివి, మడిచి, జాకెట్లో పెట్టుకుని బోనెక్కాను.

వాడు నిద్రపోయాడని చెప్పగానే మన లాయరు గారు కాగితాలు సర్దుకోవడం మొదలుపెట్టారు. మసి సంగతి చెప్పాను. వైసు సంగతి చెప్పాను. నీ పేరు వీథిలో పడుతుందని తెలుసు, క్షమించు. తర్వాత పుస్తకం తెప్పించి, ఆ పేజీ తీసి, దాటించిన మాట మీద వేలు పెట్టి చూపించాను. జడ్జి గారు కళ్లద్దాలు తీసి, పొరపాటున దాటిందా అని అడిగారు.

"లేదండి. నాకు చదవడం వచ్చు" అన్నాను.

తమ్ముడు లేచి నిలబడ్డాడు. రంగస్థలం మీద చివరి బెంచీ దాకా వినబడే గొంతు వాడిది. ఆ రోజు మాత్రం పక్కవాడితో మాట్లాడినట్టు అన్నాడు. "ఆ మాట అక్క అనలేదండీ. నా నోటికే వచ్చింది. ఆవిడ పెద్దది, ఏదో కలగన్నట్టుంది." పోలీసులు భుజాలు పట్టి కూర్చోబెట్టారు. నన్ను మళ్లీ అడిగారు. అన్నానని మళ్లీ చెప్పాను. సాయంత్రానికి నన్నూ ముద్దాయిగా చేర్చి ఇక్కడికి తెచ్చారు. తీర్పు ఇంకా రాలేదు. మాట అందించడం ఏ నేరం కిందికి వస్తుందో వెతుకుతున్నారట.

ఇక్కడ ఒక గదిలో ఆరుగురం. గోడకు ఒకటే కొక్కెం, దానికి ఆరు తువ్వాళ్లు. పొయ్యి కట్టెతో మామను చంపిన పిల్ల నా పక్కన పడుకుంటుంది. నిద్రలో నా చెయ్యి పట్టుకుంటుంది. తీసేయను.

నిన్న మమ్మల్ని కాసే మేట్రన్ వచ్చి గడప మీద కూర్చుంది. మగవాళ్ల వైపు వార్డరు ఆవిడకు బాబాయి వరస. గురువారం నుంచి మీ తమ్ముడు పడుకోవడం లేదమ్మా, అంది. గోడ నుంచి గోడకు నడుస్తున్నాడట. శుక్రవారం తలను గోడకేసి కొట్టుకుంటే ఆరు కుట్లు పడ్డాయట. సూదిమందు ఇచ్చినా రెప్ప వాలలేదట. నాన్న బెత్తం చేయలేని పని నా సాక్ష్యం చేసింది. నాకు చెప్పమని వాడు ఒక కబురు పంపాడు. మేట్రన్ మరిచిపోకుండా వేళ్లు మడిచి ఒప్పజెప్పింది.

"అక్కకు చెప్పు. ఆ రోజు నేను మాట మరిచిపోలేదు. నాకు చేతులు ఆడక, ఆపమంటుందేమోనని చూశాను. వచ్చిన మాట విని, పాపం కంగారులో వరస తప్పి చదివింది అనుకున్నాను. నా పాపం నాదే, అక్కకు అంటలేదు అనుకున్నాను. అందుకే ఇన్నాళ్లూ నిద్రపట్టింది."

అదీ కబురు.

వాడు వదిలేయాలనుకున్నాడు చెల్లీ. మీ ఆయన బతికి ఉండేవాడు. నీ వేళ్లకు శిక్ష వేరే ఎవరైనా వేసేవారో, వేయకపోయేవారో. వాడి చేతులు సడలిన చోట నా మాట పడింది. నేను తోడు హంతకురాలినని నీకు రాశాను. కాదు. మొదటిదాన్ని నేను. ఇది నిన్నటిదాకా నాకే తెలియదు.

ఒక్క సంగతి గట్టిగా చెబుతాను, అక్క చెప్పిందని కాకపోయినా విను. అందరూ వచ్చి, నీ కోసమే చంపారమ్మా, అంటారు. నమ్మకు. నువ్వు అడగలేదు. చంపమని ఆస్పత్రి నుంచి కబురు పంపలేదు. నీ వేళ్లు చూసి మా కడుపు మండింది, మా మంట మేం చల్లార్చుకున్నాం. ఆ బరువు నీ నెత్తికెత్తుకుని మిషన్ ముందు కూర్చోకు.

మేట్రన్ లేస్తూ, మీ తమ్ముడికి ఏమని చెప్పమంటావమ్మా అని అడిగింది. కళ్లు మూసుకున్నాను. దయగల అబద్ధం ఒకటి నాలుక చివరిదాకా వచ్చింది. వరస తప్పిందిరా, కోర్టులో నిన్ను కాపాడటానికి అలా అన్నాను, అంటే చాలు. ఆ రోజే వాడు పడుకునేవాడు. ఆవిడ తాళాలు సర్దుకుంటోంది.

"నా వేలు సరైన చోటే ఉందని చెప్పండి. నీ కళ్లు చూసే అన్నానని చెప్పండి" అన్నాను.

అంతేనా అని ఆవిడ రెండుసార్లు అడిగింది. అంతే అన్నాను.

నువ్వు ఏ పేరున పిలిచినా, పిలవకపోయినా,
పెద్దది