స్పీకర్ పెట్టె మీద పెన్సిల్ గీత

అమ్మడూ,

స్పీకర్ పెట్టెకి బిగించిన క్లాంపులు మధ్యాహ్నం దాకా ముట్టుకోకు, జిగురు ఇంకా పచ్చిగానే ఉంది. రంధ్రం పెద్దదై స్పీకర్ లోపలికి జారిపోతోంది కదా, ప్లైవుడ్‌తో ఓ రింగు కోసి లోపలివైపు అతికించాను. ఆరాక స్పీకర్ని దానికి బిగించు. ఎర్ర వైరు ప్లస్ గుర్తున్న వైపే కలుపు. వెనక పలకకి పన్నెండు స్క్రూలూ పడాలి. ఒక్కటి వదిలేసినా సందులోంచి గాలి పోయి నీ బాస్ గిటార్ గరగరమంటుంది.

నాలుగింటికల్లా పెట్టెనీ గిటార్నీ ఫ్యాక్టరీ గేటు దగ్గరికి తీసుకురా. ఆ స్పీకర్ నీకిచ్చిన వెల్డర్ మామయ్యకే ఇవాళ సంతాప సభ. నీ వాయింపు మేనేజరు గది కిటికీని అదరగొట్టాలి. పాడైన గ్యాస్ సిలిండర్ చేతికిచ్చి మనిషిని చంపిందీ కంపెనీ వాళ్లే, "అతని అజాగ్రత్త" అని నోటీసు అంటించిందీ వాళ్లే. తప్పు ఒప్పుకునేదాకా గేటు వదలం. నాకోసం చూడకుండా అన్నం తినేసెయ్.

నిన్న నేనంత అరిచినా నువ్వు ఒక్క మాట తిరిగి అనలేదు. నా కూతురివై ఉండి నోరు మూసుకుంటావా?

నాన్న

అన్నట్టు, స్పీకర్ రంధ్రం కోసం నువ్వు కోసి తీసిన గుండ్రటి చెక్క పొద్దున దొరికింది. అంచు వెంట పెన్సిల్ గీత అలాగే ఉంది. స్పీకర్ని బోర్లించి, అంచు ఆనడానికి చోటు కూడా వదలకుండా చుట్టూ గీసింది నేనే. నువ్వు గీత తప్పకుండా కోశావు. నేనేమో చేతకానిదానివని తిట్టాను. ఇది నీకు చెప్పకుండా వెళ్తే గేటు ముందు నాకు నోరు పెగలదు. తప్పు నాది.