పోలెండు సూది

సరోజా,

ఆ చివరి రోజు పొద్దున నువ్వు జ్వరంతోనే బియ్యం నానబోసి, నా పక్కన దవాఖానకు నడిచావు. సూది వేశారు. జ్వరం అప్పటికే ముదిరిపోయిందని డాక్టరు చెప్పాడు. చీకటి పడకముందే నువ్వు లేవు. మన పద్మకు గుర్తున్నది ఆ సూదే.

నీ సంవత్సరీకం మొన్న అయింది. గనిలో పెట్టే కొత్త యంత్రాల పని నేర్చుకు రమ్మని కంపెనీ నన్ను పోలెండుకు పంపుతోంది. వెళ్లాలనే ఉత్సాహం లేదు. వద్దనే ఓపికా లేదు. మశూచి టీకా, కలరా సూది వేయించుకోనిదే విమానం ఎక్కనివ్వరు. ఆ మాట విన్నప్పటి నుంచి పద్మ అన్నం ముట్టలేదు.

"అమ్మకు గూడ సూదేసిండ్రు. నువ్వు పోకు నాయినా," అంది.

పక్క క్వార్టరు కొమురయ్య కాక గనిలో పైకప్పు పరీక్షించే మనిషి. గడప మీద కూర్చుని వింటున్నాడు.

"బిడ్డా, బాయిల కప్పును రాడ్‌తో తట్టి, సప్పుడు ఇని గట్టిగున్నదని తెలిసినంకనే మందిని లోపలికి పోనిస్త. మీ నాయినకు సూది గూడ గట్లనే. పోయే ముందు జాగ్రత్త."

"నువ్వు తట్టినంక ఎన్నడన్న కూలిందా తాతా?"

కాక అబద్ధమాడలేదు. "ఒకపారి కూలింది. తట్టకపోతే ఎన్నిసార్లు కూలునో."

పద్మ నా పక్కకు జరిగింది. "అయితే నేను గూడ వస్త. సూదేసినంక నాయినను నేనే ఇంటికి తోల్కొస్త."

"తోల్కరా. ఏడ్సిండంటే నాకు చెప్పు," అన్నాడు కాక. పద్మ నవ్వి, కంచం ముందుకు లాక్కుంది.

రేపు పొద్దున నాకు వచ్చినట్టు దానికి జడ వేసి, వెంట తీసుకెళతాను. ఎడమ చేతికి సూది వేసేటప్పుడు కుడి చెయ్యి దానికి ఇస్తాను.