కుక్కర్ ఈల

ప్రియమైన అమ్మకి,

నీ ఈలపిల్ల రాస్తున్నాను. కూర్చుని చదువు, నిలబడి చదివితే పడిపోతావు. ఈ ఆదివారం మగవాళ్ల ఫుట్‌బాల్ మ్యాచ్‌కి రెఫరీని నేనే!

క్రీడాశాఖవాళ్లు మా ఆడపిల్లల బృందానికి శిక్షణ ఇచ్చారు, హాస్టల్ ఇచ్చారు, బూట్లు కూడా ఇచ్చారు. నావి ఒక సైజు పెద్దవి, దూది కుక్కుకున్నాను. "ఆడవాళ్లు ఆడితే చాలదు, ఆటని నడిపించాలి" అంటారు మా ఆఫీసర్‌గారు. అంటున్నంతసేపూ మా తలల మీదుగా గోడగడియారం చూస్తుంటారు. నా మ్యాచ్ సవ్యంగా జరిగితే సెమీఫైనల్ నా గదిలో ఉండే పొడుగుపిల్లకి ఇస్తారట. అది నిద్రలో కూడా "ఫౌల్!" అని అరుస్తుంది.

చిన్నప్పుడు నేను మేడమీద ఈల వేస్తే "పరువు తీస్తున్నావే" అని నా నోరు మూసేదానివి. ఇప్పుడు ఆ ఈలకే సర్కారు డబ్బులిస్తోంది. ఏమంటావు?

నీ తూనీగ

*

తూనీగకి అమ్మ ఆశీస్సులు.

అనేదేముంది, ఊదు. ఊదేదేదో గట్టిగా ఊదు. సగం సగం ఊదితే కుక్కపిల్లని పిలిచినట్టుంటుంది. మీ నాన్న అప్పుడే వీధంతా చాటింపు వేశారు.

అమ్మ

*

అమ్మా,

ఈపాటికి పేపర్ చూసే ఉంటారు. కంగారుపడకండి. చీలమండ బెణికింది, అంతే. రెండో సగం ఇంకో రెఫరీ, మగాయన, నడిపించాడు.

మొదటి ఫౌల్‌కి ఈల వేయగానే జనంలోంచి ఎవడో "ఒకటి!" అన్నాడు. రెండోదానికి పదిమంది "రెండూ!" అని రాగం తీశారు. మూడోదానికి మైదానమంతా "మూడయ్యాయి, కుక్కర్ దించేయమ్మాయ్!" ఆటగాళ్లు కూడా పగలబడి నవ్వారు. నేనూ నవ్వాననుకో. సరదా మనుషులు.

ఆఫీసర్‌గారు హాస్టల్‌కి పూలగుత్తి తెచ్చారు. నువ్వు చూడటానికి రావద్దు, బస్సు నీకు పడదు.

తూనీగ

*

ప్రియమైన తూనీగకి,

"గాయమైనా చెదరని చిరునవ్వు" అని వేసిన పేపర్ ముక్కని మీ నాన్న ముందుగదిలో గోడకి అంటించారు. వచ్చినవాళ్లందరికీ కాఫీకంటే ముందు అదే.

రెండు ఫోటోలున్నాయి అందులో. మైదానంలో ఎడమ కాలు పట్టుకుని కూర్చున్నావు. పూలగుత్తి పుచ్చుకునేటప్పుడు కట్టు కుడి కాలికి ఉంది. ఇంతకీ కట్టు ఏ కాలికే?

మీ నాన్ననడిగితే "ప్రెస్సువాళ్లు ఫోటో తిరగేసి ఉంటారు" అన్నారు. తిరగేస్తే నీ చొక్కామీది అక్షరాలు కూడా తిరగబడాలి కదా? అవి శుభ్రంగా ఉన్నాయి. ఆయన కళ్లజోడు పెట్టుకుని దగ్గరికెళ్లి చూశారు. కాగితం మాత్రం తీయలేదు.

ఇంకో మాట. కుక్కర్ అన్నారని నవ్వావా? మన ఇంట్లో ఎవరి మాటకీ లేవని మీ నాన్న, కుక్కర్ ఈల వేస్తే పేపర్ పడేసి పరిగెత్తుకొస్తారు. దాని మాట వినని కొంపలో అన్నం మాడుతుంది. ఆ జవాబు నీ నోటికి రాలేదేమే?

అమ్మ

*

అమ్మకి,

నీ ఉత్తరం బాత్రూమ్‌లో తలుపేసుకుని చదివాను.

ఏ కాలికీ ఏమీ కాలేదు. నాలుగో ఈల వేయాల్సి వచ్చింది. కళ్లెదుటే ఫౌల్. ఈల నోట్లోనే ఉంది. "నాలుగూ" అంటారని ఊదలేకపోయాను. కూర్చుండిపోయి కాలు పట్టుకున్నాను. ఏ కాలో కూడా గుర్తుపెట్టుకోలేదు. అబద్ధం కూడా సరిగ్గా ఆడలేని చదువు నాది.

అక్కడితో పోయినా బాగుండేది. "ఆడవాళ్ల ఒళ్లు మొత్తం మ్యాచ్‌కి తట్టుకోదు, ఇకపై పిల్లల ఆటలే ఇద్దాం" అన్నారు పైవాళ్లు. పొడుగుపిల్ల సెమీఫైనల్ పోయింది. ఆ రోజు సాయంత్రం అది ఏం చేసిందో తెలుసా? తన బామ్ డబ్బా తెచ్చి, కింద కూర్చుని, నా బాగున్న కాలికి రాసింది. "నొప్పి తగ్గిందా?" అంది. "కొంచెం" అన్నాను. అమ్మా, "కొంచెం" అన్నాను!

ఆఫీసర్‌గారికి చెప్పాను. "ఇప్పుడెందుకమ్మా? పథకానికే మచ్చ. నోరు మూసుకో" అన్నారు. చిన్నప్పుడు నువ్వూ మూశావు గానీ, ఇంత భయంగా మూయలేదు. మర్నాడు శిక్షణలో పైవాళ్లూ పిల్లలూ అందరూ ఉండగా లేచి చెప్పేశాను. ఎవరూ తిట్టలేదు. తిడితే బాగుండేది. పొడుగుపిల్ల గదికొచ్చి నా మంచం పక్కనున్న బామ్ డబ్బా తీసుకుని తన పెట్టెలో పెట్టుకుంది.

సెమీఫైనల్ దానికి తిరిగి ఇచ్చారు. ఈ ఏడాదికి నా ఈల లాక్కున్నారు. మైదానం అంచు గీత పక్కన జెండా పట్టుకోమన్నారు, అది కూడా పొడుగుపిల్ల మ్యాచ్‌లోనే. నిన్న అయింది. జనం మళ్లీ లెక్క మొదలుపెట్టారు. నీ కుక్కర్ జవాబు దానికి చెబుదామనుకున్నాను, కానీ అది నాతో మాట్లాడటం లేదుగా. దానికి అక్కర్లేకపోయింది కూడా. మూడు అన్నారు, ఊదింది. నాలుగు అన్నారు, ఊదింది. ఆ తర్వాత లెక్కపెట్టేవాళ్లకే విసుగొచ్చింది. నేను మ్యాచ్ అయ్యేదాకా జెండాతో పరిగెత్తాను, రెండు కాళ్లమీదా.

గోడమీది కాగితం నాన్నని తీయనివ్వకు. నువ్వూ తీయకు. వచ్చినవాళ్ల ముందు నేనే తీస్తాను.

నీ కూతురు