వీపు పలక మీది గీతలు

మార్చి 3
మేస్త్రితో మాటలు బంద్. కొత్త కెమిస్టు ముందు నన్ను పట్టుకుని, నిన్నమొన్నటిదాకా బ్రష్ పట్టుకోవడం రాని పిల్లవి, నాకు చెప్పొచ్చావా అన్నాడు. ముప్పై ఏళ్లుగా మ్యూజియంలో ఇనుప సామాను పాలిష్ చేస్తున్నాడు, ఒప్పుకుంటాను. అయితే? పాత వస్తువులు చెడకుండా కాపాడే కన్సర్వేటర్ని నేను. ఇక మా మధ్య ఏ పనైనా చీటీ రాసుకునే.

మార్చి 5
ఫారసీ కవచం నా బల్ల మీదికొచ్చింది. నాలుగు ఇనుప పలకలు: ఛాతీకొకటి, వీపుకొకటి, పక్కలకు రెండు. మూడింటి అంచుల చుట్టూ బంగారంతో అరబ్బీ ప్రార్థన. వీపు పలక మీద బంగారం ఎప్పుడో రాలిపోయింది. అది బోడిదే కదా, ఎగ్జిబిషన్లో గోడ వైపు తిప్పెయ్యమన్నాడు డైరెక్టర్. ఒళ్లు మండింది.

మార్చి 6, శుక్రవారం, ఉదయం 11
బోడిది కాదు! లైటు పక్కనుంచి వేసి చూశాను. ఆ రోజుల్లో ఇనుము మీద ముందు వెంట్రుకలంత సన్నటి గీతలు గీసి, వాటి మీద బంగారు తీగ పెట్టి కొట్టేవాళ్లు. బంగారం పోయినా గీతలు అక్షరాల ఆకారంలోనే ఉన్నాయి. మిగతా మూడింటి మీదున్న ప్రార్థన కాదిది. చివర్లో పనివాడి పేరులా ఉంది, సగం చదివాను. ఫోన్లో తీస్తే మెరుపు తప్ప ఏమీ పడలేదు. మంచి కెమెరా సోమవారం వస్తుంది.

ఎవరికైనా చెప్పాలని ప్రాణం కొట్టుకుంది. పక్క బల్ల దగ్గర మేస్త్రి ఒక్కడే ఉన్నాడు. చెప్పలేదు.

మార్చి 9
పోయింది.

మార్చి 9, సాయంత్రం
శనివారం మేస్త్రి ఒక్కడే వచ్చి వీపు పలక పాలిష్ చేశాడట. చీటీ లేదు, అడిగింది లేదు. నిండా గీతలున్నాయి, అమ్మాయి దాన్నే చూస్తూ కూర్చుంది, పాపం శ్రమ తగ్గిద్దామనుకున్నాడట. నా కోపం కూడా పోతుందనుకున్నాడట. పలక అద్దంలా ఉంది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడడమంటే ఇదే. అరిచాను. బాగా అరిచాను. ఆ గీతలేమిటో అప్పుడు చెప్పాను. ఎక్కడైనా మిగిలాయేమోనని బొటనవేలితో పలకంతా తడిమాడు. నాకు ఏడుపొచ్చింది.

మార్చి 11
డైరెక్టర్ రిపోర్టు అడిగాడు. తప్పెవరిదో తేలితే ఇంటికే అన్నాడు. మేస్త్రి రిటైర్మెంటుకు ఇంకా నాలుగు నెలలుంది. శనివారం ఆయన చేసిందంతా రాశాను. అబద్ధం ఒక్క ముక్క లేదు. మేస్త్రికి సంతకానికిచ్చి, చదవండి అన్నాను. నువ్వు రాశావుగా అమ్మాయ్, చాల్లే అన్నాడు. పెట్టేశాడు.

చదివి నాలుగు తిట్టినా బాగుండేది.

మార్చి 12
ఆ కాగితం చించేశాను. కొత్తదాంట్లో మూడే ముక్కలు. ఆ గీతల సంగతి శుక్రవారమే నాకు తెలుసు. పక్కనున్న మనిషికి చెప్పలేదు. సంతకం నాది.