మబ్బు పోతాండాది

రాయదుర్గం, జూన్ 3

'వెతుకు' ప్రోగ్రాం తయారుచేసిన షఫీవుల్లా గారికి, రిటైరైన తెలుగు టీచరు వనజాక్షి నమస్కారాలు.

నా కంప్యూటర్‌కు ఇంటర్నెట్ లేదు. తెలిసినవాళ్లు మీ ప్రోగ్రాం పెన్‌డ్రైవులో తెచ్చి ఎక్కించారు. అందులో మీ అనంతపురం చిరునామా కనబడితే రాస్తున్నాను.

శెనక్కాయ చేన్లలో ఆడవాళ్లు పాడే పాటలు ఇరవై ఆరేళ్లుగా రాసి పెట్టుకున్నాను. పదకొండు వందలున్నాయి. అందులో మా ఊరి కూలి మాబీ పాడినది ఒకటి కావాలి. పక్షవాతం వచ్చి నాలుగు నెలలుగా ఆమెకు మాట లేదు. "టీచరమ్మా, అమ్మ ఆ పాట చేన్లో తప్ప ఇంట్లో పాడల్యా. నువ్వు చదివితే ఇంటాది" అని కూతురు సిమ్రాన్ అడిగింది.

నాకు గుర్తున్నది 'మబ్బు పోతాండాది' ఒక్కటే. అలా వెతికితే ఏమీ లేదంటుంది. 'మబ్బు' అని మాత్రమే వెతికితే మూడు వందల పన్నెండు పాటలు చూపింది. కరువు సీమ కదా, అందరూ మబ్బు గురించే పాడారు. ఆపరేషనైన కంటితో అన్నీ చదవలేను.

ఇట్లు,
వనజాక్షి

తా.క.: 'పోతాండాది' అని కొడితే, "మీరు వెతుకుతున్నది పొట్లకాయా?" అని అడిగింది. కాదు.

అనంతపురం, జూన్ 8

వనజాక్షి టీచర్ గారికి నమస్కారం.

క్షమించండి. మా ప్రోగ్రాం ఫైళ్లన్నీ ముందే ఒకసారి చదివి, మాటల జాబితా రాసుకుంటుంది. జాబితా పెరగకుండా మాటల తోకలు కత్తిరిస్తుంది. 'పాటలో', 'పాటకు' రెండూ 'పాట' అవుతాయి. మీ మాట తోక సరిగ్గా తెగలేదు. ఇది ఓపెన్ సోర్స్, ఎవరైనా తెరిచి మార్చుకోవచ్చు.

విధేయుడు,
షఫీవుల్లా

తా.క.: పొట్లకాయ సంగతి చూస్తాను.

రాయదుర్గం, జూన్ 12

షఫీవుల్లాకు,

ఏమప్పా, నా పాటల తోకలు కత్తిరించినావా? పైగా ఎవరైనా తెరిచి మార్చుకోవచ్చా? ఎండలో గట్ల మీద కూర్చుని రాసుకున్న పాటలవి! కంప్యూటర్ ఆర్పేసి, పాత చీర చుట్టి పెట్టాను. "ఆయప్ప మీద కంప్లైంటు ఇద్దామా?" అంటోంది సిమ్రాన్.

వనజాక్షి

తా.క.: ముప్పై రెండేళ్ల సర్వీసులో పిల్లల మార్కులు కత్తిరించాను గానీ, మాటలు కత్తిరించలేదు.

అనంతపురం, జూన్ 17

టీచర్ గారూ, దయచేసి చీర విప్పండి. కంప్యూటర్‌కు చుట్టినది.

మీ పాటల్లో ఒక్క అక్షరమూ పోలేదు. కత్తిరింపంతా జాబితాలోనే. తెరిచి మార్చుకునేది నా ప్రోగ్రామునే, మీ పాటలను కాదు.

అసలు తప్పు నాదే. ప్రోగ్రాముకు పుస్తకాల్లో ఉండే 'పోతోంది' మాత్రమే నేర్పాను. 'పోతాండాది' రాతభాష కాదని వదిలేశాను. మా అమ్మ మాత్రం రోజూ "యాడికి పోతాండావురా?" అనే అడుగుతుంది. సిగ్గుపడ్డాను.

ఇప్పుడు కత్తిరింపు తీసేసి, మూడేసి అక్షరాలు పోల్చి వెతికేలా మార్చాను. చోటు ఎక్కువ తింటుంది, నిదానంగా నడుస్తుంది. అయినా మన మాట దొరకడమే ముఖ్యమనుకున్నాను. పెన్‌డ్రైవ్ జతచేశాను. మొదటిసారి ఫైళ్లన్నీ మళ్లీ చదవడానికి అరపూట పడుతుంది, ఆపకండి.

మీ
షఫీ

తా.క.: నాలుగేళ్లలో ఈ ప్రోగ్రాం గురించి నాకు అందిన మొదటి ఉత్తరం మీదే. రెండోది తిట్లది. రెండూ దాచుకున్నాను.

రాయదుర్గం, జూన్ 25

నాయనా షఫీ, ఆశీస్సులు.

దొరికింది! 'మబ్బు పోతాండాది తాడిపత్రి దిక్కు, మనసు ఈడ నిలవకుండాది.' ఇన్నాళ్లూ దీన్ని కరువు పాటే అనుకున్నాను.

మాబీ మంచం పక్కన కూర్చుని చదివాను. మొదటి ముక్కకే మొహం చిట్లించింది. మళ్లీ చదివాను. పెదవులు కదిలాయి.

"తప్పు" అంది.

సిమ్రాన్ చేతిలో గిన్నె కింద పడింది. మాబీ ఊపిరి కూడదీసుకుని, "మబ్బు కాదు... మాబు. పోతాండాడు" అంది.

మాబు ఆమె భర్త. తాడిపత్రిలో బండలు కోసే పనికి పోయేవాడు. చేన్లో ఆ గోలలో నేను మబ్బని విని, 'పోతాండాడు' అని ఆమె సరిగ్గా పాడిన దాన్ని 'పోతాండాది' అని దిద్దిపెట్టాను. మొగుని పాట గనుకే ఇంట్లో ఎన్నడూ పాడలేదు. అది విని సిమ్రాన్ ఏడ్చింది, నవ్వింది. మాబీ మాత్రం సిగ్గుతో గోడవైపు తిరిగింది.

నీ మేలు మరవని
వనజాక్షి

తా.క.: ఈ ఉత్తరం మాబీకి చదివి వినిపించాను. "రెండు తప్పులుండాయి" అంది. ఏవని అడిగితే చెప్పలేదు. రేపు రమ్మంది.